పిల్లలు రాని పనిదినం: టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్ మొదటి వారం వచ్చిందంటే నా ఫోన్ ఆగదు. "సార్, బడి తెరవకముందే రమ్మన్నారు, పిల్లలు లేరు, మేం వచ్చి ఏం చేయాలి?" అని ఒకరు. "ఎల్లుండి పిల్లలకు సెలవు, మాకు డ్యూటీ, హెచ్‌ఎం గారు రోజంతా మీటింగ్ అంటున్నారు, వద్దని చెప్పొచ్చా?" అని ఇంకొకరు. హెచ్‌ఎంగా (ప్రధానోపాధ్యాయుడిగా) పనిచేసిన ఇన్నేళ్లలో, స్కూల్ కాంప్లెక్స్ (పక్కపక్క బడుల గుంపు) బాధ్యత చూసిన కాలంలో ఇవే సందేహాలు తిరిగి తిరిగి వచ్చాయి. ప్రతిసారీ ఫోన్‌లో చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడులే నా మనసులో ఉన్నాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## రోజు రాకముందు

పిల్లలు రాని పనిదినం అంటే ఏది? అది సగం సెలవు లాంటిదే కదా?

కాదు. పిల్లలకు బడి లేదు, మీకు హాజరు ఉంది, జీతం ఉంది. అంటే పూర్తి పనిదినమే. బడి తెరిచే ముందు స్టాఫ్‌ను పిలిచిన రోజులు, పరీక్షలు అయిపోయాక రికార్డుల కోసం వచ్చే రోజులు, పిల్లల్ని పంపేసి కాంప్లెక్స్ మీటింగ్‌కి వెళ్లే పూట, శిక్షణ రోజులు అన్నీ ఇందులోకే వస్తాయి. వీటిని 'బోధనేతర దినాలు' అనడం నాకు ఇష్టం ఉండదు. మన దగ్గర 'బోధనేతర పని' అన్నది దాదాపు తిట్టు అయిపోయింది. ఆ మాట వింటే సర్వే ఫారాలు, యాప్ ఎంట్రీలే గుర్తొస్తాయి. నిజానికి ఆ రోజు చేయాల్సింది బోధనకు ముందు పని, వెనక పని.

ఇలాంటి రోజులు ఏడాదికి ఎన్ని ఉండాలి? చట్టంలో ఏమైనా ఉందా?

ఇన్ని రోజులని చట్టం లెక్క కట్టలేదు. కానీ 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో ఒక లెక్క ఉంది, చాలామంది దాన్ని సగమే చదువుతారు. 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. 6 నుంచి 8 తరగతులకు 220 రోజులు, 1,000 గంటలు. ఇంతవరకు అందరికీ తెలుసు. దాని కిందే టీచర్‌కి వారానికి కనీసం 45 గంటలు అని ఉంటుంది, పాఠానికి సిద్ధమయ్యే సమయం కూడా అందులో కలిపే.

వెయ్యి గంటల్ని 220 రోజులకు పంచితే రోజుకు నాలుగున్నర గంటలు. 45 గంటల్ని ఆరు రోజులకు పంచితే రోజుకు ఏడున్నర. మధ్యలో మిగిలిన మూడు గంటలు ఏమవుతున్నాయని అడిగితే ఏ స్టాఫ్ రూమ్‌లోనైనా ముందు నవ్వు వినిపిస్తుంది. తయారీ కూడా పనే అని చట్టమే ఒప్పుకుంది. రోజువారీ ఆ సమయం దొరకదు కాబట్టే పిల్లలు రాని రోజుకు అంత విలువ.

ఆ రోజు ఏం చేయాలో ఎవరు నిర్ణయించాలి? హెచ్‌ఎం గారా, ఎంఈఓ (మండల విద్యాధికారి) గారా, మేమా?

పైనుంచి లిఖితపూర్వకంగా కార్యక్రమం వస్తే అది చేయాల్సిందే, అందులో వాదన లేదు. రానప్పుడు బడి హెచ్‌ఎందే బాధ్యత. అయితే బాధ్యత హెచ్‌ఎంది అయినా ఆలోచన స్టాఫ్ అందరిదీ అయితేనే రోజు గట్టెక్కుతుంది. నేను పాటించే పద్ధతి చెప్తాను: రోజులో మూడో వంతు నాది, మిగతాది టీచర్లది. నా వంతులో బడి మొత్తానికి సంబంధించిన పనులు పెట్టుకుంటాను. మిగతా సమయంలో ఎవరు ఏం చేస్తారో వాళ్లే ముందు రోజు రాసిస్తారు. రాసివ్వడం తప్పనిసరి, ఏం రాయాలన్నది వాళ్ల ఇష్టం.

ఒక్కొక్కరిది ఒక్కో మాట. స్టాఫ్ మీటింగ్‌లో గట్టిగా మాట్లాడే ఇద్దరిదే నెగ్గుతోంది. ఏం చేయాలి?

చీటీలు పెట్టండి. నేను వారం ముందు ఒక్కొక్కరికి చిన్న కాగితం ఇచ్చి రెండే అడుగుతాను: "మీ పాఠానికి అడ్డుపడుతున్న పని ఏది? దానికి ఎన్ని గంటలు కావాలి?" పేరు రాయక్కర్లేదు. ఒకసారి పదకొండు చీటీల్లో ఆరింట లైబ్రరీ పుస్తకాల సంగతే వచ్చింది. అంతకు ముందు ఏ మీటింగ్‌లోనూ ఆ మాట ఎత్తినవాళ్లు లేరు. పుస్తకాలు బీరువాలో ఉన్నాయి, బీరువా తాళం బదిలీ అయి వెళ్లిన సార్ దగ్గర ఉంది. పెద్ద పెద్ద అజెండాలు రాసుకున్న నాకు కాస్త సిగ్గేసింది. ఆ రోజు మొదటి పని తాళం పగలగొట్టించడం.

రోజంతా మీటింగ్ పెడితే తప్పేంటి? అందరూ దొరికేది ఆ ఒక్క రోజే కదా?

నేనూ అలాగే అనుకుని ఒకసారి పొరపాటు చేశాను. బయటి నుంచి ఒక వక్తను పిలిచి, ఉదయం పదింటి నుంచి సాయంత్రం దాకా ఉపన్యాసం పెట్టించాను. మధ్యాహ్నం వెనక వరుసలోకి వెళ్లి చూస్తే ముగ్గురు మేడమ్‌లు బల్ల కింద ఒళ్లో పెట్టుకుని నోట్సులు దిద్దుతున్నారు. నన్ను చూసి గబుక్కున మూశారు. వాళ్లది తప్పనిపించలేదు. ఇంటికి మోసుకెళ్లాల్సిన పనిని అక్కడ పూర్తిచేసుకుంటున్నారు, అంతే.

అప్పటినుంచి మీటింగ్ గంటన్నర దాటనివ్వను, అదీ ఉదయమే. మధ్యాహ్నం భోజనం తర్వాత ఎవరూ ఎవర్నీ పిలవకూడదు.

మాది సింగిల్ టీచర్ స్కూల్. నాకు ఇవన్నీ వర్తిస్తాయా?

మీకే ఎక్కువ అవసరం. మిగతా రోజుల్లో ఐదు తరగతులకూ మీరొక్కరే, మీటింగ్‌కి వెళ్తే బడి మూతే. పక్క ఊళ్లోని ఇంకో ఇద్దరు ఎస్జీటీలతో (ప్రాథమిక తరగతుల టీచర్లతో) ముందే మాట్లాడుకుని, ఎంఈఓ గారికి చెప్పి, ముగ్గురూ ఒకే బడిలో కూర్చోండి. తరగతివారీగా పంచుకుని కార్డులు, వర్క్‌షీట్లు తయారుచేస్తే ఒక్కరి పని మూడు బడులకు సరిపోతుంది. ఎక్కడ కూర్చున్నారో కాగితం మీద అనుమతి ఉండాలి, మర్చిపోవద్దు.

## వేరేవాళ్లు ఆ రోజు అడిగినప్పుడు

ప్లాన్ అంతా వేసుకున్నాక పైనుంచి ట్రైనింగ్ ఆర్డర్ వచ్చింది. మా ప్లాన్ గాలికేనా?

ట్రైనింగ్‌కి వెళ్లాల్సిందే. అయితే ఆర్డర్‌లో ఎవరి పేర్లున్నాయో చూడండి. చాలాసార్లు ఒకటి రెండు సబ్జెక్టుల వాళ్లనే పిలుస్తారు, మొత్తం బడి ప్లాన్ మానుకోవడం మన బద్ధకమే. వెళ్లినవాళ్ల వంతును ఇంకో రోజుకు వాయిదా వేసి, మిగతావాళ్లు తమ పని తాము చేసుకోవచ్చు.

ట్రైనింగ్ మీద చిరాకు అర్థమవుతుంది. 2019లో మొదలైన టీచర్ల శిక్షణ కార్యక్రమం నిష్ఠ దగ్గర్నుంచి దీక్ష ఆన్‌లైన్ కోర్సుల దాకా సర్టిఫికెట్లు పోగేసినవాళ్లం మనం. వీడియో మ్యూట్‌లో పెట్టి అన్నం వండుకున్నవాళ్లూ మనలోనే ఉన్నారు. 2020 జాతీయ విద్యావిధానం టీచర్‌కి ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది, అదీ టీచర్ ఆసక్తిని బట్టి ఎంచుకునేలా ఉండాలంది. ఆ రెండో ముక్కను ఎవరూ గట్టిగా చదవరు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో 'బాగుంది' అని టిక్కు పెట్టి వచ్చేయకుండా, ఏ అంశం కావాలో ఒక్క వాక్యం రాసి రండి.

ఓటర్ల జాబితా పని, జనగణన, సర్వేలు ఆ రోజే చేయమంటున్నారు. కాదనొచ్చా?

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ టీచర్లను విద్యేతర పనులకు వాడకూడదంటూనే మూడు మినహాయింపులు ఇచ్చింది: పదేళ్లకోసారి వచ్చే జనగణన, విపత్తు సహాయం, స్థానిక సంస్థలు, శాసనసభలు, పార్లమెంటు ఎన్నికల విధులు. ఆ ఆర్డర్ వస్తే వెళ్లాలి.

ఇందులో మన రోజుకు నేరుగా తగిలే తీర్పు ఒకటుంది. 2007 డిసెంబర్‌లో సెయింట్ మేరీస్ స్కూల్ కేసులో సుప్రీంకోర్టు, ఓటర్ల జాబితా సవరణ, ఎన్నికల పనులను టీచర్లకు సెలవు రోజుల్లో, పాఠాలు లేని రోజుల్లో అప్పగించాలని, మామూలుగా బోధన రోజుల్లో, బోధన వేళల్లో వేయకూడదని చెప్పింది. పిల్లల చదువు కాపాడే తీర్పే. కానీ దాని భారం పడేది సరిగ్గా మన ఖాళీ రోజు మీదే. బీఎల్ఓగా (ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారిగా) ఉన్నవాళ్లకు ఈ సంగతి విడిగా చెప్పక్కర్లేదు.

సర్వేల కథ వేరు. 2024 నవంబర్‌లో తెలంగాణ ఇంటింటి కుటుంబ సర్వేకి ప్రాథమిక బడులను ఒంటిపూట నడిపి ఎస్జీటీలను మధ్యాహ్నం ఇళ్లకు పంపారు. అక్కడ పోయింది పాఠం పూటే. రానున్న జనగణనకు 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కింపు ఉంటుంది, బడి నడిచే కాలం అది. ఆ నెలల్లో పిల్లలు రాని రోజు మీద ఏ పనీ పెట్టుకోకుండా ప్లాన్ వేసుకోవడమే తెలివి.

ఆన్‌లైన్ ఎంట్రీలు మిగిలిపోయాయి. ఆ రోజంతా దానికే వాడేయొచ్చా?

వాడొచ్చు, కానీ అందరూ కాదు. బడి, పిల్లల వివరాలు ఎక్కించే యూడైస్ ప్లస్ లాంటి వాటికి ఇద్దరు చాలు. ఒకరు రిజిస్టర్ చూసి చదువుతూ, ఒకరు ఎక్కిస్తూ ఉంటే తప్పులు తక్కువ. పుట్టిన తేదీ, ఆధార్‌లో పేరు స్పెల్లింగ్ ఈ రెండింటి దగ్గరే సగం సమయం పోతుంది కాబట్టి, తేడా ఉన్న పిల్లల జాబితా ముందు రోజే రాసి పెట్టుకోండి. సర్వర్ పనిచేయకపోతే గంట చూసి లేచిపోండి. తిరిగే చక్రాన్ని చూస్తూ సాయంత్రం దాకా కూర్చున్న రోజులు నాకూ ఉన్నాయి.

ఆ రోజు మధ్యాహ్న భోజనం సంగతి?

పిల్లలు రానప్పుడు వంట లేదు, హాజరు సున్నా. వంట చేసే అమ్మలకు ముందు రోజు సాయంత్రమే చెప్పండి. పొద్దున్నే కూరగాయలు తెచ్చేసుకుంటే ఆ నష్టం వాళ్ల చేతి డబ్బే. గుడ్లు, బియ్యం నిల్వ సరిచూడ్డానికి మాత్రం ఇంతకంటే మంచి రోజు దొరకదు.

తల్లిదండ్రుల మీటింగ్ కూడా ఆ రోజే పెట్టేస్తే ఒక పని అయిపోతుంది కదా?

వద్దు. తల్లిదండ్రులతో క్రమంగా సమావేశం కావడం విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ చెప్పిన విధుల్లో ఒకటి, దానికి దాని రోజు ఇవ్వండి. 2024 డిసెంబర్ 7న ఆంధ్రప్రదేశ్‌లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగినప్పుడు చూశాం కదా, ముగ్గులు, కుర్చీలు, భోజనాలు, వచ్చినవాళ్లను పలకరించడం. ఆ హడావుడిలో ఎవరూ పాఠం సిద్ధం చేసుకోలేరు. పైగా కూలికి వెళ్లే అమ్మానాన్నలకు పని దినం మధ్యలో రావడం కష్టం. వాళ్ల వీలు చూసి రోజు పెట్టండి, మన వీలు చూసి కాదు.

## ఆ రోజున

పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంటే తప్పా? అధికారులు వస్తే ఏమంటారో అని టెన్షన్.

తప్పు కాదు. నన్నడిగితే ఆ రోజుకు అంతకన్నా మంచి పని లేదు, ఒక్కరే కాకుండా కలిసి దిద్దితే.

మా బడిలో ఒకసారి ఆరో తరగతి లెక్కల పేపర్లు ముందేసుకుని నలుగురం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. 304 లోంచి 178 తీసేయమని ఒక లెక్క. జవాబు 126. లెక్కల సార్ ఒక పేపర్‌లో 274 చూసి తప్పు కొట్టారు. తర్వాతి దాంట్లోనూ 274. ఇంకో నాలుగు పేపర్ల తర్వాత మళ్లీ 274. "కాపీ కొట్టారా?" అన్నాడు సైన్స్ సార్. కాదు. వాళ్లు వేరే వేరే వరుసల్లో కూర్చున్న పిల్లలు. అందరూ ఒకటే చేశారు: ప్రతి స్థానంలోనూ పెద్ద అంకె లోంచి చిన్న అంకె తీసేశారు. 8 లోంచి 4 తీస్తే 4, 7 లోంచి సున్నా తీస్తే 7, 3 లోంచి 1 తీస్తే 2. పైనుందా కిందుందా అన్న పట్టింపే లేదు. లెక్కపెడితే 38 పేపర్లలో 17.

సార్ ఇంట్లో ఒక్కరే దిద్ది ఉంటే పదిహేడు చోట్ల ఎర్ర ఇంటూ పడేది, మార్కులు రిజిస్టర్‌లో ఎక్కేవి. ఆ రోజు మాత్రం ప్రైమరీ మేడమ్ లేచి వెళ్లి చీపురు పుల్లల కట్టలు తెచ్చింది. పది పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు, పది కట్టలకు ఒక తాడు. సున్నా దగ్గర అప్పు ఎలా తెచ్చుకోవాలో ఆరో తరగతి వాళ్లకు మళ్లీ కట్టలు విప్పి చూపించాలని అక్కడే తేల్చుకున్నారు. తర్వాతి వారం ఆ పని జరిగింది. అధికారి ఎవరైనా వచ్చి ఏం చేస్తున్నారని అడిగితే ఆ 274 చూపించి ఉండేవాణ్ని.

కొత్తగా డీఎస్సీలో (టీచర్ల నియామక పరీక్షలో) వచ్చినవాళ్లం. ఆ రోజు మమ్మల్ని ఫైళ్లు మోయడానికే వాడుతున్నారు.

తెలంగాణలో 2024 డీఎస్సీ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీ ద్వారా వచ్చిన చాలామంది ఇదే మాట అంటున్నారు. కొత్తవాళ్లకు కంప్యూటర్ బాగా వచ్చు కాబట్టి ఎంట్రీలన్నీ వాళ్ల నెత్తిన పడతాయి. హెచ్‌ఎం గారితో మెల్లగా మాట్లాడుకోండి: పొద్దున రెండు గంటలు ఎంట్రీలు చేస్తాను సార్, ఆ తర్వాత మన తెలుగు సార్‌తో కూర్చుని వచ్చే నెల పాఠాలు చూసుకుంటాను అని. కాదనే హెచ్‌ఎంలు తక్కువ. సీనియర్ పక్కన కూర్చుని ఒక పాఠం ఎక్కడ పిల్లలకు కొరుకుడు పడదో తెలుసుకోవడం ఏ ట్రైనింగ్‌లోనూ దొరకదు.

కాంప్లెక్స్ మీటింగ్‌లో సంతకం పెట్టి, టీ తాగి రావడమే అవుతోంది. మార్చడం ఎలా?

1964–66 కొఠారి కమిషన్ స్కూల్ కాంప్లెక్స్ అన్నప్పుడు దాని ఉద్దేశం పక్కపక్క బడుల టీచర్లు ఒకరికొకరు తోడు కావడం. ఇప్పుడు సర్క్యులర్లు చదివి వినిపించడమే సగం పూట. ఒక్క మార్పు చేయండి: సర్క్యులర్లు ముందు రోజే వాట్సాప్‌లో పెట్టేయమని కాంప్లెక్స్ హెచ్‌ఎంను అడగండి. ఆ మిగిలిన గంటలో ప్రతి సబ్జెక్టు వాళ్లూ వేరే గదిలో కూర్చుని, తమ పిల్లల నోట్సులు ఒక మూడు తెచ్చుకుని చూసుకోవాలి. మంచి నోట్సులు తేవద్దు. బాగా రాని పిల్లలవి తెచ్చినప్పుడే మాట సాగుతుంది.

ఆ రోజు పని ఇంటి దగ్గర చేసుకుంటే కుదరదా?

కుదరదు. ముఖ గుర్తింపు హాజరు వచ్చాక ఇక ఆ చర్చే లేదు. అవసరం ఉంటే మామూలుగా సీఎల్ (క్యాజువల్ లీవ్) పెట్టుకోండి. 'పిల్లలు లేరు కదా' అని సంతకం పెట్టి మధ్యాహ్నం జారుకోవడం మాత్రం వద్దు. ఇలాంటి రోజులు మనకు దండగ అని చెప్పడానికి ఎదురుచూసేవాళ్లకు అదే సాక్ష్యం.

## రోజు గడిచాక

రికార్డు ఏం రాయాలి? నివేదిక నాలుగు పేజీలు అడుగుతున్నారు.

స్టాఫ్ మీటింగ్ మినిట్స్ పుస్తకంలో ఒక పేజీ చాలు: తేదీ, వచ్చినవాళ్లు, ఒక్కొక్కరు చేసిన పని ఒక్కో వాక్యంలో, మిగిలిపోయింది ఏమిటి, అది ఎప్పటికి. అందరి సంతకాలు. ఫొటోలు అడిగితే రెండు తీయండి. ఫొటో కోసం ఆగి, చేతిలో చార్టు పట్టుకుని నిలబడే పద్ధతి మానేద్దాం.

వేసవి సెలవుల్లో పిలిచి పని చేయించుకున్నారు. దానికి ఏమైనా వస్తుందా?

మనది వెకేషన్ డిపార్ట్‌మెంట్, అంటే వేసవి లాంటి సెలవులు ఉండే శాఖ. సెలవుల్లో డ్యూటీ చేస్తే ఆ రోజులకు తగ్గట్టు ఈఎల్స్ ప్రిజర్వేషన్ (ఆర్జిత సెలవులు ఖాతాలో జమ చేయడం) అడగొచ్చు. దానికి మూడు కావాలి: పిలిచినట్టు ఆర్డర్, చేసినట్టు డ్యూటీ సర్టిఫికెట్, సర్వీసు రిజిస్టర్‌లో నమోదు. ఫోన్‌లో చెప్పారని వెళ్లి, ఏడాది తర్వాత ఆర్డర్ కోసం ఆఫీసు చుట్టూ తిరిగిన మిత్రులు నాకు తెలుసు. ఆర్డర్ చేతికి వచ్చాకే బయల్దేరండి.

నేను ప్రైవేట్ స్కూల్లో పనిచేస్తాను. పిల్లలకు సెలవిచ్చి మమ్మల్ని అడ్మిషన్ల ప్రచారానికి ఇళ్లకు పంపుతున్నారు.

ఇది చాలాచోట్ల ఉన్న బాధే. మీది సీబీఎస్ఈ బడి అయితే ఒక ఆధారం ఉంది: టీచర్‌కి ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలని బోర్డు అంటుంది, అందులో 25 గంటలు బడిలోనే జరుపుకోవచ్చు. ఆ గంటలు ఈ రోజుల్లో పెట్టమని ప్రిన్సిపాల్‌ను అడగండి. గొడవ పెట్టుకోకుండా, 'మన బడికి గంటలు పూర్తవుతాయి మేడమ్' అంటే వినే అవకాశం ఎక్కువ. స్టేట్ సిలబస్ బడుల్లో ఇంత గట్టి ఆసరా లేదు. కనీసం కరపత్రాలు పంచడం ఒక పూటకే పరిమితం చేయమని నలుగురు కలిసి అడిగితే ఒకరి మీద పడదు.

"పిల్లల్లేకుండా మీరంతా బడిలో ఏం చేస్తున్నారు?" అని ఊళ్లో అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

చెప్పడం కన్నా చూపించడం తేలిక. ఎస్ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) సభ్యుల్లో ఒకరిద్దరు తల్లుల్ని ఆ రోజు పదకొండింటికి ఓ అరగంట రమ్మనండి. ప్రసంగం వద్దు, ఖాళీ కుర్చీ వేయండి చాలు. ఒకసారి ఒకావిడ అలా వచ్చి కూర్చుని, మేం దిద్దుతున్న కట్టలోంచి తన కొడుకు పేపర్ వెతికి తీసుకుంది. ఆమెకు చదవడం రాదు. ఎర్ర సిరా ఎక్కడెక్కడ ఉందో వేలితో చూపిస్తూ, "ఇక్కడ ఏమైంది సార్?" అని ఒక్కొక్కటీ అడిగింది. ఆ పిల్లవాడి పేపర్ ఒక్కటే మాకు ఇరవై నిమిషాలు పట్టింది.